బూరెకి భీమిలి సముద్రం: నాలుగో ఆదివారం

ఈరోజు బూరె ముందుకాళ్లు నీళ్లలో పెట్టింది. కెరటం వెనక్కి పోతూ కాళ్లకింద ఇసుకని లాగేస్తే కంగారుపడి నా పంచన చేరిందనుకోండి. అయినా పర్లేదు. నెలకిందట ఆ హోరు వినే కారు దిగనని మొండికేసిన కుక్క ఇది.

విశాఖలో మేముండే మధురవాడకి రుషికొండే దగ్గర. కానీ 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ అది, ఆ నిబంధనల్లో కుక్కల మీద కట్టడి ఉంది. అందుకే ఇంకాస్త ముందుకెళ్లి భీమిలి. ఇక్కడ పడవల నీడలో ఊరకుక్కలు ఎప్పుడూ పడుకునే ఉంటాయి, మాదాన్ని ఎవరూ వింతగా చూడరు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి మాత్రం తీసుకెళ్లను, నీటి లాగుడు అక్కడ ఎటు ఉంటుందో చెప్పలేం.

మొదటి వారం రోడ్డు పక్కనే కూర్చుని ఇరవై నిమిషాలు సముద్రం చూసి వచ్చేశాం. రెండో వారం తడి ఇసుక దాకా వెళ్లాం. పీతలు బొరియల్లోకి దూరుతుంటే వాటి వెనకాల తవ్వుకుంటూ కెరటాల సంగతే మర్చిపోయింది. నేను నేర్పింది తక్కువ, పీతలు నేర్పింది ఎక్కువ.

అసలు టెన్షన్ మూడో వారం. సముద్రానికి భయపడుతుందేమో అనే చూసుకున్నాను గానీ, వల పరిచి ఎండబెట్టిన నెత్తళ్ల వాసన సంగతి ఆలోచించలేదు. తాడు నా చేతిలోంచి లాక్కుని నేరుగా అందులో దూకింది. అక్కడున్న మామ్మ చీపురు పట్టుకుని, "ఏటి బాబూ, కుక్కనిలా ఒగ్గేస్తే ఎలాగ?" అంది. తప్పు నాదే. పాడైన వాటికి డబ్బులిస్తే తీసుకోకుండా అరకిలో నెత్తళ్లు కొనిపించింది. ఆ రాత్రి బూరె రెండుసార్లు వాంతి చేసుకుంది. ఉప్పు చేప, పైగా ఉప్పునీళ్లు కూడా నాకింది మరి.

అప్పటినుంచి అయిదు మీటర్ల నూలుతాడు, ఒక కొస నా నడుముకే. ఇంట్లోంచి రెండు లీటర్ల మంచినీళ్లు తెచ్చి, పావుగంటకోసారి తాగిస్తున్నాను. దాహం తీరితే సముద్రం నీళ్ల జోలికి పోదు. వలల్లోంచి తీసి పారేసిన చేపల దగ్గర ఇంకా జాగ్రత్త. ఒళ్లు బంతిలా ఉబ్బించుకునే చేప ఒకటుంటుంది, దాని విషం ఎండినా పోదు. తెగిన గాలాలు సరేసరి. ఆరింటికి దిగి ఎనిమిదిలోపు వచ్చేస్తాం. అరచెయ్యి వెనక్కి తిప్పి ఇసుక మీద ఏడంకెలు లెక్కపెట్టేలోపు చుర్రుమంటే దాని పాదాలకీ అంతే.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. పీతల బొరియలు తవ్వే అలవాటు అప్పుడు ప్రమాదం, ఆ గూళ్లని కుక్కలే ఎక్కువ పాడుచేస్తాయి. అందుకే ఈ వారం నుంచి "వదిలెయ్" అన్న మాట మొదలుపెట్టాం. పదిసార్లంటే నాలుగుసార్లు విన్నది. మిగతా ఆరుసార్లూ ముక్కు ఇసుకలోనే.

వచ్చేటప్పుడు మామ్మ మళ్లీ కనబడింది. నన్నేమీ పలకరించలేదు గానీ, బూరెని చూడగానే చీపురు దగ్గరికి లాక్కుంది.