పొద్దున్న బస్సు, అర్ధరాత్రి బస్సు
ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో వాళ్ల రిసార్ట్‌లోనే దిగితే అసలు లాభం పార్కులకి తీసుకెళ్లే వాళ్ల బస్సే అంటాను. రిసార్ట్‌లో ఉన్నవాళ్లకి పార్కు అరగంట ముందే తెరుస్తారు కదా, ఆ అరగంట కోసం పిల్లల్ని నిద్రకళ్లతోనే లేపి, చిన్నదానికి బస్సు సీట్లోనే జడ వేశాను. అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కైతే బస్సు గేటు దగ్గరే దింపుతుంది, కారులో వచ్చినవాళ్లు ఎక్కడో పార్క్ చేసి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి రావాలి.

రాత్రి సంగతి వేరు. ఆ పార్కులో హాలోవీన్ పార్టీ పన్నెండింటికి అయిపోగానే జనమంతా ఒక్కసారే స్టాపు మీద పడ్డారు, మా ఆయన స్ట్రోలర్ మడిచి చంకలో పెట్టుకుని, నిద్రపోయిన పిల్లని భుజానేసుకుని దారంతా నిలబడే వచ్చారు. అదే రెండోసారి కాసేపు షాపుల్లో తిరిగి వెళ్తే లైను పలచబడింది, సీట్లూ దొరికాయి. ఐడియా మా అత్తయ్యగారిది, తిరుమల కొండ బస్సుల దగ్గర ఆరితేరిన మనిషి మరి!