కువైట్‌లో లైసెన్స్ ఎవరికిస్తారు?

కువైట్‌లో మనలాంటి బయటివాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ రావాలంటే మూడు షరతులు. డిగ్రీ చదివి ఉండాలి, నెలకు కనీసం 600 దినార్ల జీతం ఉండాలి, వచ్చి రెండేళ్లు దాటి ఉండాలి. 2014లో తెచ్చిన ఉత్తర్వు ఇది. కొన్ని పనులవాళ్లకు మినహాయింపు ఉంది, అందులో డ్రైవర్లూ ఉన్నారు. నేను పదో తరగతి చదివాను, జీతం 120 దినార్లు. అయినా లైసెన్స్ వచ్చిందంటే అకామాలో (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతిలో) నా పని ఇంటి డ్రైవర్ అని ఉండబట్టే.

బండి నడపడం మన హక్కా, ప్రభుత్వం ఇచ్చే అనుమతా అని రూములో అప్పుడప్పుడు వాదన వస్తుంది. అనుమతే అంటాను నేను. పొద్దున్నే సేఠు పిల్లలను బడికి తీసుకెళ్తాను. ఫహాహీల్ రోడ్డు మీద బండ్లు 120 వేగంతో పోతుంటాయి. పక్క బండివాడు ఫోన్ చూస్తూ ఒక్క క్షణం లైన్ తప్పితే పోయేది నా బండిలో ఉన్న పిల్లలు. చూపు బాగుందా, చేయి కుదిరిందా, రూల్స్ తెలుసా అని పరీక్ష పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉండాల్సిందే. తప్పు చేస్తే లైసెన్స్ లాక్కోవాల్సిందే. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. ఫోన్ పట్టుకుని నడిపితే 75 దినార్లు, రెడ్ లైట్ దాటితే 150. నా జీతంలో సగానికి పైగా ఒక్క ఫోన్ కాల్‌కే పోతుంది. అయినా ఆ చట్టం మంచిదే అంటాను.

డిగ్రీ సంగతే నాకు మింగుడు పడదు. రోడ్ల మీద రద్దీ తగ్గించడానికే ఈ షరతులని చెబుతారు. రద్దీ నిజమే. కానీ ఆ భారమంతా తక్కువ జీతగాడి మీదే వేశారు. మా చిన్నాన్న కొడుకు రాయచోటి నుంచి వచ్చాడు. అక్కడ ఏళ్ల తరబడి కడప–చెన్నై రూట్లో లారీ తోలినవాడు. ఇక్కడ గోడౌన్‌లో మూటలు మోస్తాడు. రాత్రి డ్యూటీ దిగితే బస్సు దొరకదు, ఎండాకాలం పగలు 50 డిగ్రీల్లో స్టాప్ దగ్గర నిలబడాలి. "అన్నా, టెస్ట్ పెట్టమను, ఫెయిలైతే నోరు మూసుకుంటా. టెస్టుకే రానియ్యకపోతే ఎట్ల?" అంటాడు. లైసెన్స్ లేకుండా నడిపి దొరికితే దేశం నుంచి పంపించేస్తారు. స్నేహితుడి కారు ఉంది కదా అని ఆశపడొద్దని వాడికి చెబుతూనే ఉంటాను.

మన దేశంలో కూడా లారీ, బస్సు లైసెన్స్‌కు ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నిబంధన ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. చదువు లేకపోయినా చేయి తిరిగిన డ్రైవర్లు ఎందరో ఉన్నారని, చూడాల్సింది నైపుణ్యమేనని ఒప్పుకుంది. ఇక్కడా అదే జరగాలని నా కోరిక. టెస్ట్ ఇంకా కఠినంగా పెట్టనీ, ఫీజు పెంచనీ, కానీ గేటు దగ్గర పర్సు చూడకూడదు.

ఈ లైసెన్స్ మనిషిని ఒక ఇంటికి కట్టేస్తుంది కూడా. 2024లో ఖాదిం వీసా (ఇంటి పనివాళ్ల వీసా) నుంచి షూన్‌కు (కంపెనీ పనుల వీసాకు) మారడానికి రెండు నెలలు అవకాశం ఇచ్చారు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోవాలి, ఆయన దగ్గర కనీసం ఏడాది చేసి ఉండాలి. రెండూ నాకు కుదిరాయి. గోడౌన్‌లో జీతం ఎక్కువ ఇస్తామన్నారు కూడా. కానీ అకామాలో పని మారితే లైసెన్స్ పోతుంది. స్టీరింగ్ తప్ప వేరే పని తెలియనివాణ్ని, అది పోతే ఇంకో ఇంట్లో డ్రైవర్‌గా దొరకడం కూడా కష్టం. వెళ్లలేదు.

రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి డ్రైవర్ పని అని వచ్చేవాళ్లు ఏజెంట్ మాట నమ్మొద్దు. వీసా కాగితంలో డ్రైవర్ అనే రాసి ఉందా, వంటమనిషి అనో తోటమాలి అనో ఉందా అని అరబిక్ వచ్చినవాళ్లతో చదివించుకోండి. విమానం ఎక్కకముందే.