కొబ్బరి కప్పుకు 'వైట్ మెటల్' చీటీ

ఇంగ్లండ్‌లోని నార్విచ్ దగ్గర ఒక పాత ఇంటి సామాన్లు అమ్మకానికి పెడితే కొన్నాను ఈ కప్పు. నిగనిగలాడే కొబ్బరి చిప్ప, దాని మీద తెరచాపల ఓడ, లంగరు చెక్కి ఉన్నాయి. అంచు, కాడ, పీఠం వెండివి. బ్రిటన్ రాజు మూడో జార్జి కాలపు పనితనం. కొనడానికి పది నిమిషాలు పట్టలేదు. అమ్మబోతేనే తెలిసొచ్చింది.

మొదట వెళ్లిన వేలం సంస్థలో వెల కట్టే పెద్దమనిషి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "మీ దేశం నుంచి తెచ్చుకున్నారా?" అన్నాడు. ఇక్కడి ఇంట్లోదే అని రసీదు చూపించినా వినిపించుకోలేదు. భూతద్దం పెట్టి అంచంతా వెతికాడు. చేసినవాడి ముద్ర ఉంది, అసలు వెండి అని చెప్పే సింహం ముద్ర లేదు. 'చెక్కిన కాయ, వైట్ మెటల్, 40-60 పౌండ్లు' అని చీటీ మీద గీకాడు. వైట్ మెటల్ అంటే వెండి అని ఒప్పుకోని తెల్ల లోహం. పైగా ఇది సొరబుర్ర కూడా కావచ్చునట! కోనసీమలో పుట్టినవాడికి చెబుతున్నాడు ఆ మాట. కాడ బిగించిన చోట కొబ్బరికాయ కన్ను సగం కనబడుతోంది, వేలు పెట్టి చూపించాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను చీటీ మార్చలేదు, "నెక్స్ట్" అన్నాడు.

ఇంటికొచ్చి పట్టుదలగా చదివాను. వెండి, బంగారాల నాణ్యత ముద్రల గురించిన బ్రిటన్ 1973 హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం 7.78 గ్రాములు దాటిన వస్తువును ముద్ర లేకుండా వెండి అని అమ్మకూడదు. అందుకే ఆ 'వైట్ మెటల్'. కానీ 1950కి ముందు చేసినదై, తర్వాత మార్పులేవీ జరగకుండా, వెండి నాణ్యత రుజువైతే ముద్ర లేకపోయినా వెండి అనొచ్చు. ఆనాటి కొబ్బరి కప్పుల వెండి కట్లకు పూర్తి ముద్రలు లేకపోవడం మామూలే. జీతం తీసుకుని కూర్చున్నవాడికి ఇది తెలియదా? తెలుసు. నా ముఖం చూసి చెప్పలేదంతే.

ఎక్స్‌రే పరీక్ష చేయించాను. కప్పుకు గీత కూడా పడలేదు. మూడు చోట్లా స్టెర్లింగ్, అంటే 92.5 శాతం వెండి అని తేలింది. ఆ కాగితం పట్టుకుని ఇంకో సంస్థకు వెళితే, అక్కడి అమ్మాయి మారుమాట లేకుండా 'వెండి కట్టుతో జార్జియన్ కొబ్బరి కప్పు' అని కేటలాగ్‌లో రాసింది. పాత చీటీ మీది అంకెకు ఎన్నో రెట్లు పలికింది.

అమ్మబోయేవాళ్లు చిప్పకు నూనె రాయకండి, హీటర్ పక్కన పెట్టకండి, పగులుతుంది. కమిషన్ మీద వ్యాట్, ఫొటో ఖర్చు ముందే అడగండి, నాకు చెక్కు వచ్చాకే చెప్పారు. ఆ మొదటి సంస్థ పేరు కావాలంటే చెప్పను గానీ, దాని తలుపు మాత్రం తట్టకండి.