మూడు మీటర్ల నడక, మూడేసి లెక్క

పడ్డప్పుడు నా చేతిలో ఫోన్ ఉంది. అవతల పాత దోస్తు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఇంకా పని చేస్తున్నవాడు, తేజ మిర్చి ఆ రోజు ఎంత పలికిందో చెబుతున్నాడు. కమీషన్, హమాలీ ఖర్చు పోను 46 బస్తాలకు రైతు చేతికి ఎంత వస్తుందో నేను మనసులో లెక్క కడుతున్నా. నాకేం అవసరం? పని మానేసి నాలుగేళ్లయింది. కానీ 31 ఏళ్లు ఆడ్తి దుకాణంలో గుమాస్తాగా చేసినవాడికి రేటు చెవిన పడితే లెక్క దానంతట అదే మొదలవుతుంది. భద్రకాళి బండ్ మీద చదునైన దారి. గుంత లేదు, రాయి లేదు. లెక్క తేలేసరికి నేను కింద ఉన్నాను.

ఎముక విరగలేదు గానీ ఎడమ మణికట్టు వాచింది. మూడు నెలల్లో అది రెండోసారి పడటం, అందుకే పిల్లలకు టెన్షన్. మొదట వెళ్లిన చోట మోకాలికి ఎక్స్‌రే తీసి, "ఏజ్ అయింది కదా" అని నీక్యాప్, కాల్షియం గోళీలు రాసిచ్చారు. నెల రోజులు ఆ నీక్యాప్ తగిలించుకుని తిరిగితే చెమట పొక్కులు వచ్చాయి, అంతే.

రెండో డాక్టర్ తీరు వేరు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూశాడు. షుగర్, బీ12 చేయించాడు, కళ్ల పరీక్షకు పంపాడు, వేసుకునే గోళీలన్నీ సంచిలో తెప్పించుకుని ఒక్కొక్కటే చదివాడు. అన్నీ అయ్యాక అడిగాడు: "పడేటప్పుడు ఏం చేస్తున్నరు?" అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. ఫోన్ సంగతి చెప్పాను. మరి మొదటిసారి? మెట్లు దిగుతూ మనవడితో పదిహేడో ఎక్కం చెప్పించుకుంటున్నా. ఆయన చిన్నగా నవ్వి ఫిజియోథెరపీకి చీటీ రాశాడు.

ఫిజియో అమ్మాయి మా చిన్న బిడ్డ ఈడుది. కుర్చీ వేసి, మూడు మీటర్ల దూరాన నేల మీద టేపు అంటించింది. లేచి, టేపు దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 11 సెకన్లు పట్టింది. "మంచిగనే ఉంది అంకుల్. ఇప్పుడు నూరు నుంచి మూడు మూడు తీసేసుకుంట నడవండి."

నాకు నవ్వొచ్చింది. గుమాస్తాకు ఇదొక పరీక్షా? 97, 94, 91, 88... టేపు దగ్గర మలుపు తిరగాలి. 85 అంటూ ఆగాను. ఆగినట్టు నాకు తెలియనే తెలియదు. కుర్చీలో కూర్చునేసరికి 17 సెకన్లు. "లెక్క ఒక్కటి తప్పలేదు అంకుల్, కాళ్లు ఆగినయి," అంది.

పక్కన కూర్చున్న మా ఆవిడ అందుకుంది: "గీ మనిషి ఎప్పుడూ గంతేనమ్మా. నడుసుకుంట మాట్లాడలేడు. మాట రాంగనే నిలవడతడు, నేను పది అడుగులు ముందుకు పోయి ఎనకకు సూసుకోవాలె."

ఆ అమ్మాయి అప్పుడు స్వీడన్ ముచ్చట చెప్పింది. 1997లో అక్కడి పరిశోధకులు, ఆశ్రయంలో ఉండే 58 మంది పెద్దవాళ్లను నడుస్తుండగా మాట్లాడించారట. 12 మంది మాట కోసం నడక ఆపేశారు. ఆ పన్నెండు మందిలో పది మంది ఆరు నెలల్లో పడ్డారు. మా ఆవిడ నా దిక్కు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

వయసులో ఉన్నప్పుడు నడకను చాలామటుకు వెన్నుపాము, చిన్నమెదడు లాంటివి చూసుకుంటాయట. ముసలితనంలో నుదుటి వెనక ఉండే మెదడు ముందుభాగం కూడా నడక మీద కన్నేసి ఉంచాలి. మాట, లెక్క, ఆలోచన చూసేదీ అదే. సీజన్‌లో ఒక్కడే గుమాస్తా కాంటా దగ్గరా గల్లా దగ్గరా ఉండాల్సి వచ్చినట్టన్నమాట. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల వాళ్లు నుదుటికి పట్టీ కట్టి, ఎముక దాటి లోపలికి పోయే పరారుణ కాంతితో అక్కడి రక్తంలో ఆక్సిజన్ ఎంత మారుతుందో చూశారు. నడుస్తూ ఇంగ్లీషు అక్షరాలు ఒకటి విడిచి ఒకటి చెప్పాలి. 166 మందిని నాలుగేళ్లకు పైగా గమనించి 2017లో బయటపెట్టిన సంగతి: ఆ పని చేసేటప్పుడు మెదడు ముందుభాగం ఎవరికి ఎక్కువ కష్టపడిందో వాళ్లకు పడే ముప్పు ఎక్కువ. పైకి అప్పటికి అందరూ బాగానే నడుస్తున్నవాళ్లే! నాకు మాత్రం పట్టీ లేదు, కాంతి లేదు. కుర్చీ, టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, అంతే.

ఆరు వారాలు, వారానికి రెండుసార్లు వెళ్లాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు తగిలిస్తూ గీత మీద నడవడం. అవి అలవాటయ్యాక, నడుస్తూ క నుంచి ఒకటి విడిచి ఒకటి: క, గ... ఙ దగ్గర ప్రతిసారీ కాలు ఆగేది. ఒకరోజు ధ్యాసంతా అడుగు మీద పెట్టమనేది, ఇంకోరోజు అక్షరం మీద. ఇంట్లో వసారాలో గోడ పక్కన, నిండు చెంబు పట్టుకుని నడిచాను. మొదటి వారమంతా లుంగీ తడుపుకున్నా. మెట్ల మీద మాటలు బంద్, ఫోన్ మోగితే పక్కకు జరిగి నిలబడాలి అన్నది మా ఆవిడ పెట్టిన రూలు. ఫిజియో దాన్ని మార్చలేదు.

చివరి రోజు మళ్లీ కుర్చీ, టేపు. ఈసారి 187 నుంచి. 184, 181, 178... మలుపు వచ్చింది, కాలు ఆగలేదు. వచ్చి కూర్చున్నాను. 13 సెకన్లు. "సూపర్ అంకుల్! ఒక్కటి తప్పింది, 178 తర్వాత 176 అన్నరు. ఏం కాదు, కాళ్లు నడిచినయి."

మా ఆవిడ ఆ రోజు రాలేదు. ఇంటికొచ్చి 13 సెకన్ల సంగతి చెప్పాను, 176 సంగతి చెప్పలేదు.