గ్రెప్‌కి తెలుగు మాట దొరక్కపోతే

గ్రెప్ అంటే ఫైళ్లలో మాట వెతికిపెట్టే లినక్స్ కమాండ్. దానికి మైనస్ ఆర్, మైనస్ ఎన్ తగిలిస్తే లోపలి ఫోల్డర్లన్నీ గాలించి, మాట ఏ ఫైల్లో ఎన్నో లైన్లో ఉందో చూపిస్తుంది. మైనస్ ఐ మాత్రం తెలుగుకి దండగ, మనకి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కదా. ఏమీ దొరక్కపోతే మాట లేదని అప్పుడే తేల్చెయ్యకండి. గ్రెప్ పోల్చేది కంటికి కనిపించే రూపాన్ని కాదు, కింద ఉన్న కోడ్‌ని.

మొదట అనుమానించాల్సింది జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని. ‘సాఫ్ట్‌వేర్’లో ట-వత్తు తర్వాత పొల్లు నిలబడాలంటే అక్కడ కంటికి కనబడని ఈ అక్షరం (యూనికోడ్‌లో 200సీ) ఉండాలి. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. అందుకని మైనస్ ఈ (పెద్దక్షరం E) వాడి ‘సాఫ్ట్.?వేర్’ అని వెతకండి. చుక్క, ప్రశ్నార్థకం కలిసి ఆ అక్షరం ఉన్నా లేకున్నా పట్టేస్తాయి.

తర్వాత వర్ణక్రమం. పెళ్ళి, పెళ్లి రెండూ రాస్తారు. ‘పెళ్ళి|పెళ్లి’ అని మైనస్ ఈతోనే నిలువు గీత పెట్టి ఇవ్వడమే మేలు. చదరపు బ్రాకెట్లలో ళ, ల పెట్టి బయట గుడి ఇవ్వొచ్చు గానీ, స్క్రీన్ మీద ఆ గుడి గాల్లో వేలాడుతూ చదవడానికి చిరాగ్గా ఉంటుంది. పైగా లొకేల్ (భాష, అక్షరాల తీరు చెప్పే సెట్టింగ్) సీ అయితే అది పనిచెయ్యదు: యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కొక్కటీ 3 బైట్లు, సీ లొకేల్‌లో బ్రాకెట్ పట్టేది 1 బైటునే. చుక్క సంగతీ అంతే. క్రాన్‌లోనో (వేళకి పనులు నడిపేది) కంటైనర్‌లోనో నడిచే స్క్రిప్టు ఉత్తచేతులతో వస్తే ముందు లొకేల్ చూడండి.

పూర్తి మాటనే పట్టే మైనస్ డబ్ల్యూ జోలికి పోకండి. మన విభక్తులు మాటకే అతుక్కుంటాయి. ‘పుస్తకం’ అని వెతికితే పుస్తకాన్ని, పుస్తకాలు రావు. ‘పుస్తక’ దగ్గర ఆపితే అన్నీ వస్తాయి.

ఫైలు యూటీఎఫ్-16లో ఉంటే గ్రెప్ నోరు మెదపదు. ఐకాన్వ్ అనే కమాండ్‌తో యూటీఎఫ్-8కి మార్చాలి. గ్రెప్ లాంటిదే ఇంకో కమాండ్ రిప్‌గ్రెప్ అయితే ఫైలు మొదట్లో ఉండే బైట్ ఆర్డర్ మార్క్ చూసి తనే చదువుకుంటుంది, లొకేల్ గొడవా దానికి లేదు. కాకపోతే గిట్ వదిలెయ్యమన్న ఫైళ్లనీ, పేరు చుక్కతో మొదలయ్యేవాటినీ అది చెప్పకుండా దాటేస్తుంది. మైనస్ యూయూ ఇస్తే వాటినీ చూస్తుంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొట్టిన పాత మేటర్ అసలు యూనికోడే కాదు, కన్వర్టర్‌తో మార్చేదాకా ఏ కమాండూ పట్టుకోలేదు.

ఫైలు పేరే కావాలంటే ఫైండ్ కమాండ్‌కి మైనస్ నేమ్ ఇవ్వండి. నక్షత్రం ఉన్న పేరుని కోట్స్‌లో పెట్టండి. లేదంటే ఫైండ్‌కి చేరకముందే షెల్ (మనం కమాండ్ కొట్టేది దానికే) దాన్ని సరిపోయే ఫైళ్ల పేర్లుగా మార్చేస్తుంది. ఫలితాన్ని, వచ్చిన పేర్లని ఇంకో కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కి పంపేటప్పుడు ఇటు మైనస్ ప్రింట్0, అటు మైనస్ 0 ఉండాలి, ‘పెళ్లి ఖర్చులు’ లాంటి పేరు మధ్యలో ఖాళీ దగ్గర రెండు ముక్కలవకుండా.