చివరి పెట్టె కోసం నెవాడా దాకా

పాత రైళ్ల ఫోటోలు తీసేవాళ్లలో ఎక్కువమంది ఇంజన్ కోసమే వస్తారు. పొగ, ఆవిరి, కూత, తిరిగే రాడ్లు. ఇంజన్ దాటగానే కెమెరాలు కిందికి దిగిపోతాయి. వెనకాల ఇంకా పెట్టెలు వస్తున్నా పట్టించుకునేవాడు ఉండడు. నాకేమో ఆ పెట్టెల్లో కూడా అన్నిటికంటే చివరిది కావాలి. దాని పేరు కబూస్.

అమెరికాలో గూడ్సు బండి తోకన ఉండే ఈ పెట్టెలో ఒకప్పుడు చాలా పని జరిగేది. కండక్టరు, వెనక బ్రేక్‌మన్ అందులోనే ప్రయాణించేవాళ్లు. అక్కడ గూడ్సు కండక్టరంటే బండి మొత్తానికి బాధ్యుడు. సరుకు కాగితాలు రాసుకోవడానికి ఒక బల్ల, చలికి ఇనుప పొయ్యి, నడుం వాల్చడానికి బెంచీలు ఉండేవి. చాలా కబూసులకి పైకప్పు మీద కిటికీలున్న చిన్న గూడు కూడా ఉంటుంది. దాన్ని క్యూపోలా అంటారు. అందులో కూర్చుని బండి పొడవునా చూస్తూ, ఎక్కడైనా ఇరుసు వేడెక్కి పొగ వస్తోందేమో కనిపెట్టాలి. బండి దారిలో ఆగిపోతే బ్రేక్‌మన్ దిగి వెనక్కి నడిచి, వెనక వచ్చే బండికి ఎర్రజెండా చూపించాలి.

1980లలో కంపెనీలకీ యూనియన్లకీ ఒప్పందం కుదిరాక ఈ పెట్టె పోయి, దాని పనికి ఒక చిన్న యంత్రం వచ్చింది. చివరి వ్యాగన్ కప్లింగ్‌కి తగిలిస్తే ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది, బ్రేకు పైపులో గాలి ఒత్తిడి ఎంతుందో రేడియోలో ఇంజన్‌కి చెబుతుంది. రైల్వేవాళ్లు దాన్ని ఫ్రెడ్ అని పిలుస్తారు. మనుషులు చేసిన పనికి మనిషి పేరున్న డబ్బా! కబూసులేమో కొన్ని పార్కుల్లో నిలబడ్డాయి, కొన్ని హోటల్ గదులయ్యాయి. పెన్సిల్వేనియాలో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఒక మోటెల్ మొత్తం వాటితోనే నడుస్తోంది.

పార్కుల్లో నిలబడ్డవి చాలా తీశాను. చుట్టూ కంచె, ముందు బోర్డు, పక్కన చెత్తబుట్ట. నాకు కావలసింది అది కాదు. నడుస్తున్న గూడ్సుకి చివర, పనిలో ఉన్నట్టు కావాలి.

ఈ పిచ్చి ఎక్కడిదంటే, మా నాన్న కాజీపేటలో గూడ్సు గార్డు. ఆయన బతుకంతా గూడ్సు చివర గార్డు కూర్చునే పెట్టె, బ్రేక్ వ్యాన్‌లోనే గడిచింది. నాలుగు చక్రాల పాత వ్యాన్లలో కుదుపులకి టీ గ్లాసు చేతిలో నిలిచేది కాదంటాడు. లైటు లేదు, లెట్రిన్ లేదు, రాత్రిళ్లు అడవి మధ్యలో సిగ్నల్ కోసం గంటలకి గంటలు. 2022లో గార్డుల్ని ట్రైన్ మేనేజర్లన్నారు. అప్పటికే రిటైరైన మా నాన్న "పేరు పెద్దదైంది, పెట్టె పోతోంది" అన్నాడు. ఇప్పుడు మన దగ్గరా కొన్ని గూడ్సుల చివర బ్రేక్ వ్యాన్ బదులు ఫ్రెడ్ లాంటి డబ్బాయే పెడుతున్నారు.

నేనుండేది సాల్ట్ లేక్ సిటీలో. వెతగ్గా వెతగ్గా నాకు దగ్గర్లో దొరికింది నెవాడాలోని ఈలీ అనే ఊరు. అక్కడి నెవాడా నార్తర్న్ రైల్వే 1906లో రాగి ఖనిజం మోయడానికి పూర్తయింది. 1983లో దగ్గర్లోని మెక్‌గిల్‌లో రాగి కరిగించే స్మెల్టర్ మూతపడ్డాక లైనుతో, షెడ్డుతో, పాత రికార్డులతో సహా మ్యూజియం చేతికొచ్చింది. 2006లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. పాత పనిముట్లన్నీ ఉన్నచోటే ఉండటం దాని గొప్ప. ఫిబ్రవరిలో ఫోటోలు తీసేవాళ్ల కోసమే వీళ్లు ఆవిరి బండ్లు నడుపుతారు. చలికాలమే ఎందుకంటే, గాలి ఎంత చల్లగా ఉంటే ఆవిరి అంత తెల్లగా, లావుగా కనిపిస్తుంది. ఎండాకాలంలో అదే ఇంజన్ ఆవిరి వదిలినా గాల్లో కలిసిపోతుంది.

టికెట్లు కొన్నే అమ్ముతారు కాబట్టి ముందే బుక్ చేయాలి. అక్కడ రాత్రి పడుకోవడానికి ఒక కబూస్‌ని కూడా అద్దెకిస్తారు. అది నాకు దొరకలేదు, ఊళ్లో మామూలు మోటెలే. ఇంట్లో వాళ్లకి మాత్రం "రైలు ఫోటోలకి అంత డబ్బా?" అన్న ప్రశ్నకి ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు.

వెస్ట్ వెండోవర్ దాకా ఫ్రీవే, అక్కడి నుంచి దక్షిణంగా ఖాళీ రోడ్డు. పెట్రోలు వెండోవర్‌లోనే నింపుకోవాలి, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. దారిలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ గంట నిద్రకి పనికొచ్చింది. ఈలీ 6,400 అడుగుల ఎత్తులో ఉంది. తెల్లవారకముందే యార్డులో ఉండాలి, చలి ముక్కు కోసేస్తుంది. కెమెరా బ్యాటరీలు చలికి తొందరగా పడిపోతాయి, అందుకే స్పేరువి లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకున్నాను.

ముందు భద్రత గురించి చెబుతారు. పట్టాల మధ్య నిలబడకూడదు, చెప్పిన గీత దాటకూడదు. అందరూ ఒకే వరసలో నిలబడాలి, ఎవరైనా ఒక అడుగు ముందుకేస్తే వెనక నుంచి కేకలు మొదలవుతాయి. బండి దూరం వెళ్లి నిలబడి, మన ముందు నుంచి పొగలు కక్కుతూ దూసుకెళ్తుంది. దీన్నే రన్‌బై అంటారు. ఆరోజు 1909లో తయారైన 93వ నంబరు ఇంజన్, వెనక ఖనిజం వ్యాగన్లు, చివర ఎర్ర కబూస్.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆ వరసని ఇంజన్ ముఖానికి ఎండ పడేలా ఎంచుకుంటారు. అంటే బండి తోక నీడలో పడుతుంది. పైగా బండి దాటేసరికి పొగంతా కిందికి దిగి కబూస్‌ని కప్పేస్తోంది. వెళ్లిపోయే పెట్టె వీపు తీస్తే అది పారిపోతున్నట్టే ఉంటుంది. మొదటి రన్‌బైలు అలాగే పోయాయి, చుట్టూ అందరూ ఆహా అంటున్నారు, నా కార్డులో మసి మబ్బులున్నాయి.

అప్పుడు మూడు పొట్టి కూతలు వినిపించాయి. ఆగి ఉన్న ఇంజన్ మూడు పొట్టి కూతలు వేస్తే వెనక్కి వస్తున్నానని అర్థం. ఇంకో రన్‌బై కోసం బండి మళ్లీ మా ముందు నుంచే వెనక్కి పోవాలి. అలా వచ్చేటప్పుడు ముందుండేది కబూస్! దాని ప్లాట్‌ఫాం మీద బ్రేక్‌మన్ రెయిలింగ్ పట్టుకుని, చేతిలో రేడియోతో, దారి చూస్తూ నిలబడి ఉన్నాడు. మిగతావాళ్లు గ్లోవ్స్ తీసి తమ స్క్రీన్లు చూసుకుంటున్నారు, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుంటున్నారు.

ఆ తర్వాత నాకు రన్‌బైలతో పనిలేకపోయింది. నిర్వాహకుల్ని అడిగి వరసకి ఆ చివర నిలబడ్డాను. అక్కడ ఎవరూ పోటీ లేరు. వెనక్కి వచ్చేటప్పుడు బండి నెమ్మదిగా వస్తుంది, కాబట్టి షట్టర్ సెకనులో 250వ వంతు చాలు, ఇంకా తగ్గించి కెమెరాని బండితో పాటు తిప్పినా బాగుంది. ఇంజన్ తీసేవాళ్లకి నల్లరంగుతో తలనొప్పి, నాకు మంచుతో. మంచు చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ఫోటోని చీకటి చేస్తుంది, వెలుతురు ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచితే కబూస్ ఎరుపు అసలు రంగులోకొచ్చింది. ఇంజన్ వెనకాల దూరంగా ఆవిరి వదులుతుంటే, ఆ తెలుపు కబూస్‌కి తెరలా పనికొచ్చింది. రాత్రి సెషన్‌లో లైట్లు పెట్టి యార్డులో నిలబెట్టినప్పుడు స్టాండు మీద కొన్ని తీశాను. చివర కెమెరాని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఆ తర్వాతే మోటెల్ వేడిలోకి తీసుకెళ్లాను. లేకపోతే లెన్సంతా చెమట పడుతుంది.

పగలు తీసిన ఫోటోల్లో మంచిది ఏరి నాన్నకి వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్.

"అరేయ్, టెయిల్ ల్యాంపేది? ఎల్వీ బోర్డేది? బండి మొత్తం వచ్చిందని స్టేషన్ మాస్టర్ ఎట్ల నమ్ముతడు?"

ఎల్వీ అంటే లాస్ట్ వెహికల్, మన దగ్గర ఆఖరి పెట్టెకి తగిలించే బోర్డు. వెనక్కొస్తున్న బండి నాన్నా అని, మూడు కూతల సంగతి చెప్పాను. "మా దాంట్లో మూడు పొట్టి కూతలేస్తే గార్డు బ్రేకెయ్యాలె" అని కాసేపు నవ్వాడు. రాత్రి తీసింది పంపాను. కబూస్ మూలల్లో రెండు ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. దాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మంచిగుంది. మరి పొద్దుటి ఫోటోల ఆ మనిషి చేతిల జెండా లేదేంది?"

"రేడియో ఉంది నాన్నా."

"అది ఖరాబైతే?"