యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోయే బండి
మా పర్లాకిమిడిలో పాత చిన్న కార్లున్నవాళ్లది దాదాపు ఒకటే గోల. పాతపట్నం దాకా బాగానే పోతుంది, బజార్లో ఆవు అడ్డొచ్చి యాక్సిలరేటర్ వదిలారా, ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. వెంటనే పెట్రోల్ పంపు మార్చేయమంటారు కొందరు మెకానిక్‌లు, నాకది అస్సలు నచ్చదు.

ముందు గాలి వెళ్లే దారి చూడండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే లోపలి పళ్లెం తెరుచుకుని ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగానికి) వెళ్లే రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచితే ముడతల మధ్య సన్నటి పగులు కనబడొచ్చు. గాలిని కొలిచే సెన్సార్ ఈ గొట్టానికి ముందే ఉన్న బండ్లలో, ఆ సెన్సార్ దాటాక పగులు నుంచి దూరే గాలి లెక్కలోకి రాదు, దానికి తగ్గ పెట్రోల్ అందక ఇంజన్ ఆగిపోతుంది. గొట్టం బాగానే ఉందా? అయితే థ్రాటిల్ పళ్లెం అంచున పేరుకున్న నల్లటి మసిని, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్‌కి కావాల్సిన కాస్త గాలిని అందించే ఐడిల్ వాల్వ్‌ని చూడాలి. థ్రాటిల్ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవండి, సెన్సార్ మీద మాత్రం అది పడనివ్వకండి, దానికి వేరే స్ప్రే ఉంటుంది.